ఆ లెక్క ముందు ఎవరికి చెప్పాలి?

కాన్సర్ ఎన్నాళ్ళ నుంచి నడుస్తోందో ఆ ఇంట్లో ఫైలు చూస్తే తెలిసిపోతుంది. మొదట్లో పల్చటి ప్లాస్టిక్ కవరు. ఆర్నెల్లకి జిప్పు బ్యాగు. ఏడాది దాటేసరికి బట్టల షాపు వాళ్ళిచ్చిన గుడ్డ సంచీ. బయాప్సీ రిపోర్టు, పెట్ స్కాన్, బోన్ స్కాన్, ప్రతి కీమోకీ ముందు చేసే సీబీపీ... ఇన్ని అయ్యాక డాక్టరో చుట్టమో ఇంకో రక్త పరీక్ష పేరు చెబితే ఎవరూ పెద్దగా ఆలోచించరు. "ఇదీ చేయించేద్దాం, పోయేదేముంది" అంటారు.

పోయేది ఉంది. అందుకే ఈ పోస్టు.

నేను చెప్పేది సీటీసీ అనే పరీక్ష గురించి. సర్క్యులేటింగ్ ట్యూమర్ సెల్స్, అంటే గడ్డ నుంచి ఊడి రక్తంలో తిరుగుతున్న కాన్సర్ కణాలు. రొమ్ము కాన్సర్ ముదిరి ఎముకలకో కాలేయానికో ఊపిరితిత్తులకో పాకినవాళ్ళకి ఈ కణాలు లెక్కపెట్టి, ముందు ముందు జబ్బు ఎలా నడవొచ్చో అంచనా వేస్తారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేయించాలా వద్దా అన్నది మీరూ మీ డాక్టరూ చూసుకోవలసిన సంగతి. కానీ ఆ ట్యూబు నింపేముందు ఆ మనిషిని అడగాలి. వచ్చిన అంకె ముందు ఆవిడకే చెప్పాలి, ఆవిడే వద్దంటే తప్ప. మన ఇళ్ళల్లో ఈ రెండూ జరగడం లేదు.

ముందు పరీక్ష సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే నా గొడవ అర్థం కాదు.

గడ్డలోంచి కొన్ని కణాలు ఊడి రక్తంలో పడుతూ ఉంటాయి. చాలావరకు గంటల్లోనే చచ్చిపోతాయి. ఎక్కడో ఒకటీ అరా ఇంకో చోట నిలదొక్కుకుని కొత్త గడ్డ కడుతుంది. ఇది ఈనాటి కబురు కాదు. 1869లోనే ఆస్ట్రేలియాలో ఆష్‌వర్త్ అనే డాక్టరు, కాన్సర్‌తో చనిపోయిన ఒకతని రక్తాన్ని మైక్రోస్కోపులో చూసి, ఇందులో కణాలు అతని గడ్డల్లో కణాల్లాగే ఉన్నాయే అని రాశాడు. చూడటం సరే, లెక్కపెట్టడమే చాలాకాలం సరిగ్గా కుదరలేదు.

ఎందుకంటే పరీక్షకి తీసుకునేది ఏడున్నర మిల్లీలీటర్ల రక్తం. మన టీ స్పూనుతో ఒకటిన్నర. అందులో ఎర్రకణాలే దాదాపు మూడు వేల కోట్లు. వాటిలో అయిదో పదో ఉన్న కాన్సర్ కణాల్ని వెతకాలి. చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళేరిన చేతులు మనవి, మనకే కళ్ళు తిరుగుతాయి ఆ లెక్క వింటే. దానికో ఉపాయం కనిపెట్టారు. రొమ్ము గడ్డ కణాల పైపొర మీద ఎప్‌క్యామ్ అనే ప్రొటీన్ ఉంటుంది, మామూలు రక్తకణాల మీద ఉండదు. ఆ ప్రొటీన్‌కి అతుక్కునే యాంటీబాడీలకి అతి సన్నటి ఇనప రేణువులు తగిలించి రక్తంలో కలుపుతారు. అయస్కాంతం పెడితే ఆ కణాలు పక్కకి వచ్చేస్తాయి. వాటితోపాటు కొట్టుకొచ్చిన తెల్లకణాల్ని రంగుల సాయంతో గుర్తుపట్టి తీసేసి, మిగిలినవి లెక్కపెడతారు. సెల్‌సెర్చ్ అనే ఈ పద్ధతికి 2004లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

అదే ఏడాది ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. జబ్బు పాకిన 177 మంది స్త్రీలకి కొత్త మందు మొదలుపెట్టే ముందు ఈ కణాలు లెక్కపెట్టారు. అయిదు దగ్గర గీత గీశారు. సుమారు సగం మందికి అయిదు గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నాయి. వాళ్ళు బతికిన కాలం మధ్యస్థంగా 10 నెలలు. అయిదు లోపు ఉన్నవాళ్ళకి 18 నెలలు దాటింది. 2014లో యూరప్ ఆసుపత్రుల నుంచి 1,900 మందికి పైగా స్త్రీల వివరాలు కలిపి చూసినా కథ మారలేదు. అయిదు పైన ఉంటే జబ్బు దూకుడుగా ఉన్నట్టు, లోపు ఉంటే కాస్త నిదానంగా ఉన్నట్టు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మధ్యస్థం 10 నెలలు అంటే ఆ గుంపులో సగం మంది పది నెలల్లోపు పోయారు, సగం మంది అంతకన్నా ఎక్కువ బతికారు అని. కొందరు చాలా ఎక్కువే బతికి ఉంటారు. మందు సీసా మీద ఎక్స్‌పైరీ తేదీ లాంటిది కాదు అది. పైగా ఆ లెక్కలు ఇరవై ఏళ్ళ నాటివి. ఆ తర్వాత హెర్‌టూ రకానికీ, హార్మోన్ రకానికీ ఎన్ని కొత్త మందులు వచ్చాయో ఈ జబ్బు చూసినవాళ్ళకి తెలుసు. సున్నా వచ్చినా జబ్బు లేదని కాదు, కొన్ని కణాల మీద ఆ ప్రొటీన్ తగ్గిపోయి అయస్కాంతానికి దొరక్కుండా పోతాయి. అయినా మన ఇళ్ళల్లో ఏం జరుగుతుంది? డాక్టరు నోటి నుంచి ఒక అంకె రాగానే అది రాతలో రాసినట్టే. మధ్యస్థం గిధ్యస్థం ఎవరికీ గుర్తుండదు.

సరే, అంకె చెడ్డదని తెలిసింది. అయితే మందు మారుస్తారా? అసలు ప్రశ్న ఇదే. దీన్ని అమెరికాలో పరీక్షించి చూశారు. దాదాపు 600 మంది స్త్రీలు. మొదటి కీమో ఇచ్చిన మూడు వారాలకి కూడా అంకె అయిదు కిందికి దిగనివాళ్ళు 123 మంది తేలారు. వాళ్ళల్లో సగం మందికి అదే మందు కొనసాగించి, సగం మందికి వెంటనే వేరే కీమోకి మార్చారు. 2014లో ఫలితాలు అచ్చయ్యాయి. మార్చినా మార్చకపోయినా తేడా లేదు! అంకె చెప్పిన జోస్యం మాత్రం మళ్ళీ నిజమైంది. మొదటి నుంచీ అయిదు లోపు ఉన్నవాళ్ళు మధ్యస్థంగా 35 నెలలు, ఎక్కువగా ఉండి కీమోతో తగ్గినవాళ్ళు 23 నెలలు, తగ్గనివాళ్ళు 13 నెలలు బతికారు. అంటే వాన వస్తుందని చెప్పింది గానీ గొడుగివ్వలేదు.

ఫ్రాన్స్‌లో మాత్రం ఒకచోట పనికొచ్చింది. హార్మోన్ రకం కాన్సర్ పాకినవాళ్ళకి హార్మోన్ మాత్రలతో మొదలుపెట్టాలా, కీమోతోనా అని డాక్టర్లు తటపటాయిస్తుంటారు. ఆ నిర్ణయం ఈ అంకెని బట్టి తీసుకుంటే నష్టం లేదని, డాక్టరు మాత్రలు చాలనుకున్నా అంకె ఎక్కువగా ఉన్నవాళ్ళకి కీమో మేలు చేసిందని 2021లో తేలింది. కానీ ఆ అధ్యయనం నడిచేనాటికి ఇప్పుడు హార్మోన్ మాత్రలతో కలిపి ఇస్తున్న పాల్బోసిక్లిబ్ లాంటి మందులు వాడుకలోకి రాలేదు. అమెరికా కాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో 2022లో కూడా, మందు ఎంత పనిచేస్తోందో చూడటానికి ఈ పరీక్షని మామూలుగా అందరికీ చేయించమనడానికి తగినంత ఆధారం లేదనే చెప్పింది.

కాబట్టి ఎవరైనా ఈ పరీక్ష అంటే అడగవలసిన మొదటి మాట: "దీని ఫలితాన్ని బట్టి మందు మారుతుందా, డాక్టరుగారూ?" హెర్‌టూ పరీక్ష అయితే మారుతుంది. హార్మోన్ రిసెప్టర్ పరీక్షకీ, బీఆర్‌సీఏ పరీక్షకీ మారుతుంది. వాటికి చెవి కమ్మలు తాకట్టు పెట్టినా అర్థముంది. మారదు అంటే, అప్పుడది వైద్యం కోసం చేసేది కాదు, తెలుసుకోవడం కోసం చేసేది. తెలుసుకోవడం కోసమే అయితే తెలుసుకోవలసింది ఎవరు?

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా తోటికోడలు అక్కకి రొమ్ము కాన్సర్ వెన్నెముకలోకి పాకింది. ఊరు తెనాలి దగ్గర. వైద్యానికి హైదరాబాదు వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే ఉంటారు. అమెరికాలో ఉన్న వాళ్ళబ్బాయి ఎక్కడో చదివి ఈ పరీక్ష చేయించమని పట్టుబట్టాడు. తప్పు పట్టను, అంత దూరంలో ఉన్న పిల్లవాడు ఏదో ఒకటి చేయాలనే అనుకుంటాడు. ఎప్పటి కీమో రక్తం లాగే అక్క చెయ్యి చాపింది, తీశారు. ఎందుకని ఆవిడ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. వారానికి రిపోర్టు వచ్చింది, పదకొండు. డాక్టరు బావగారినొక్కరినే లోపలికి పిలిచి చెప్పారు. మందు అదే, మార్చేదేమీ లేదు, అయితే జబ్బు గట్టిగానే ఉంది అని. బావగారు బయటికొచ్చి "అంతా బానే ఉందంట" అన్నారు. ఆ రాత్రి నాకూ మావారికీ అసలు విషయం చెప్పారు. అక్కకి చెప్పేద్దాం బావగారూ అన్నాను. "అది తట్టుకోలేదమ్మా" అన్నారు.

నలభై ఏళ్ళ కాపురంలో ఇద్దరు అత్తగార్లని (సొంతత్తగారు, మేనత్తగారు) ఒంటిచేత్తో సాగనంపిన మనిషి. అప్పుల్లో ఉన్నప్పుడు గేదెల మీద పిల్లల్ని చదివించిన మనిషి. తట్టుకోలేదట!

మూడోరోజు గోంగూర వలుస్తూ కూర్చున్నాం. అక్క సంచీ తెచ్చుకుని ఆ కాగితం తీసి నా ముందు పెట్టింది. పదో తరగతి చదివింది, ఇంగ్లీషు అంకెలు చదవడానికి అది చాలు. "ఈ పదకొండు ఏవిటే?" అంది. నేను చెప్పాను, నాకు తెలిసినంత. గోంగూర కాడలు ఒకవైపుకి, ఆకులు ఒకవైపుకి వేస్తూనే విన్నది. ఏడవలేదు. మధ్యాహ్నం బావగారికి అన్నం వడ్డిస్తూ మాత్రం, "నా నెత్తురు తీసుకెళ్ళి మీరంతా చదువుకున్నారా?" అంది. ఆయన ముద్ద కలిపి అలాగే కూర్చుండిపోయారు.

తర్వాత ఏం జరిగిందో అదే ముఖ్యం. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం మాగాణి ఆవిడ పేరు మీదుంది. కూతురికి ఇవ్వాలని ఎప్పట్నుంచో ఆలోచన, "తర్వాత చూద్దాంలే" అని బావగారు వాయిదా వేస్తూ వచ్చారు. ఆ నెలలోనే రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి గిఫ్టు డీడు రాయించింది. ఇంకోటి, మాకెవరికీ తెలియంది. రాత్రిళ్ళు నడుం నొప్పికి నిద్రపట్టడం లేదట. చెబితే మందు పనిచేయడం లేదనుకుని వైద్యం ఆపేస్తారేమో అని నోరు మెదపకుండా ఉందట. మేము ఆవిడ దగ్గర దాస్తుంటే ఆవిడ మా దగ్గర దాచింది! ఈ మాట బయటికొచ్చాక డాక్టరుతో తనే చెప్పింది. పాలియేటివ్ కేర్ వాళ్ళ దగ్గరికి పంపారు. మార్ఫిన్ మాత్ర, ఎముకలకి డ్రిప్పు. నిద్రపోతోంది ఇప్పుడు. పాలియేటివ్ అనగానే ఇక ఆఖరని భయపడతాం. నొప్పి తగ్గించడానికి చివరిదాకా ఆగక్కర్లేదు, అసలు మందు నడుస్తుండగానే చూపించుకోవచ్చు.

ఆ అంకె ఆవిడ మందు మార్చలేదు. పొలం సంగతి తేల్చింది, నొప్పి సంగతి తేల్చింది. ఆ రెండూ ఆవిడే చేయగలిగినవి. బావగారి జేబులో ఉన్నంతకాలం ఆ కాగితం ఎవరికీ పనికిరాలేదు.

దాచేవాళ్ళు దుర్మార్గులని నేననను. ప్రేమతోనే దాస్తారు. "ధైర్యం చెడితే మందు పనిచేయదు" అనే నమ్మకం మనలో బలంగా ఉంది. దాచేవాళ్ళలో మగవాళ్ళే ఉంటారా అంటే అదీ కాదు, కూతుళ్ళం, కోడళ్ళం మనమూ చేస్తాం. కానీ ఒకటి గమనించండి. ఇంట్లో మగాయనకి జబ్బు చేస్తే రిపోర్టు ముందు ఆయన చేతికే వెళ్తుంది. బ్యాంకు కాగితాలు, ఎల్ఐసీ పాలసీలు సర్దుకోవాలి కదా అంటారు. ఆడవాళ్ళకి సర్దుకోవలసినవేమీ ఉండవా? బంగారం ఎవరికి ఏది, ఎవరి బాకీ ఎంత, చిన్నపిల్ల ఉంటే దాన్ని ఎవరి దగ్గర ఉంచాలి, పదేళ్ళుగా మాట్లాడని అన్నయ్యతో ఒక్కసారి మాట్లాడాలా వద్దా... ఇవన్నీ ఆవిడ మనసులో ఉంటాయి. ఎంత వ్యవధి ఉందో ఉజ్జాయింపుగానైనా తెలియకపోతే ఎప్పుడు తేలుస్తుంది?

మన సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో ఇచ్చిన తీర్పు ఆడవాళ్ళంతా తెలుసుకోవలసింది. ఢిల్లీలో నలభై నాలుగేళ్ళ ఒకావిడ పరీక్ష కోసం వెళ్ళింది. ఆవిడ మత్తులో ఉండగా బయటున్న తల్లి ఒప్పుకోలు తీసుకుని గర్భసంచి తీసేశారు. వయసొచ్చిన, తెలివిలో నిర్ణయం తీసుకోగల మనిషి అయినప్పుడు, ప్రాణాపాయం ముంచుకురానప్పుడు, ఆవిడ ఒప్పుకోలే ఒప్పుకోలు, తల్లిది చెల్లదు అంది కోర్టు. అది ఆపరేషన్ సంగతి, నిజమే. స్పూనున్నర రక్తానికి కోర్టు తీర్పు దేనికి అనొచ్చు. ఒళ్ళు ఆవిడదైనప్పుడు అడగవలసింది ఆవిడనే అన్న మాట నాకు రెండింట్లోనూ ఒకటే.

మా అపార్ట్‌మెంట్‌లో ఇంకొకావిడ ఉన్నారు. ఇదే జబ్బు, ఇదే దశ. డాక్టరు ముందే అడిగారట, ఈ పరీక్ష వల్ల మందు మారదు, ఎలా ఉండబోతోందో కొంత తెలుస్తుంది, మీరు తెలుసుకోవాలనుకుంటున్నారా అని. "నాకొద్దండీ. పొద్దున లేచి పూజ చేసుకుంటా, మనవడికి అన్నం పెడతా, ఆ అంకె తెలిస్తే ఆ రెండూ చేయలేను. కావాలంటే మా ఆయనకి చెప్పండి" అన్నారట. నాకది ఎంత నచ్చిందో. వద్దనడం కూడా ఆవిడ చెప్పుకున్న మాటే. ఇద్దరిలో ఎవరు ధైర్యవంతురాలని బేరీజు వేయకండి దయచేసి.

ఈ సీటీసీ పేరుతో వాట్సాప్‌లో తిరిగేవి కూడా చూస్తున్నాను. ఒకటి, "నిద్రపోతే కాన్సర్ పాకుతుంది" అని. 2022లో స్విట్జర్లాండ్ వాళ్ళు 30 మంది రొమ్ము కాన్సర్ స్త్రీల రక్తం తెల్లవారుజామున నాలుగింటికీ, పగలు పదింటికీ తీసి చూస్తే, కణాల్లో ఎక్కువ భాగం నాలుగింటి రక్తంలో కనిపించాయి. దానర్థం నిద్ర మానమని కాదు! రక్తం ఏ వేళ తీశారన్నది ఫలితాన్ని మార్చొచ్చు అని. అసలే నిద్రపట్టని వాళ్ళకి అలాంటివి ఫార్వర్డ్ చేయకండి. రెండోది, జబ్బే లేనివాళ్ళు కూడా రక్త పరీక్షతో రొమ్ము కాన్సర్ ముందే కనిపెట్టుకోవచ్చన్న ప్రకటనలు. నేను పైన చెప్పిన అంకెలన్నీ జబ్బు పాకినవాళ్ళవి. ఏమీ లేనివాళ్ళకి మామోగ్రామో, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ముప్ఫై దాటినవాళ్ళకి చేతితో చూసే పరీక్షో ఉంది. అది చేయించుకోండి, అదే మన ఆడవాళ్ళు వాయిదా వేసేది.

ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్ళు ఎలా అడగాలో తెలియక ఆగిపోతారు. పెద్ద సభ పెట్టక్కర్లేదు. పక్కన కూర్చుని, "ఫలానా పరీక్ష అంటున్నారు. దాంతో మందు మారదట, ఎలా ఉంటుందో కొంచెం తెలుస్తుందట. నీకు తెలుసుకోవాలనుందా? తెలిస్తే నువ్వే వింటావా, మమ్మల్ని వినమంటావా?" అంటే చాలు. జవాబు ఇవాళ ఒకటి, వచ్చే నెల ఇంకోటి కావచ్చు, మళ్ళీ అడగాలి. డాక్టరు గదిలోకి వెళ్ళేటప్పుడు కుర్చీ ఆవిడకి వేయించండి, మనం వెనక నిలబడదాం.

మొన్న అక్క చెకప్‌కి వచ్చింది. మూడు నెలలైంది కదా, మళ్ళీ లెక్కపెట్టిస్తారా అని ఈసారి డాక్టరు ఆవిడనే అడిగారు. "మందు మారుద్దా అయ్యా?" అంది. "ఇప్పటికైతే లేదమ్మా, స్కాన్ చూసి చెప్తాం" అన్నారు. "అయితే స్కానే తియ్యండి" అంది. బావగారు ఏదో అనబోయి ఊరుకున్నారు.